ఎంచుకునే జాతులు, అంటగట్టే జాతులు

శాంతిపురంలో మా ఆపా ఇంటి వసారా. పొద్దు వాలింది. మల్బరీ తోటకు నీళ్లు పెట్టి వచ్చిన బావ కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇంజినీరింగ్ చదివే మా భాంజా లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏదో ఆట మొదలుపెడుతున్నాడు. తెర మీద వరసగా మొహాలు. మనిషి, మరుగుజ్జు, కొనదేరిన చెవుల ఎల్ఫ్, పచ్చటి ఒళ్లూ కోరపళ్లూ ఉన్న ఓర్క్, ఎద్దు తలకాయ టారెన్, లేచి నడిచే శవం. వాడు తల తిప్పి అడిగాడు: "మామూ, తుమే కౌన్సీ ఖౌమ్ లేతే?"

ఆటవాళ్లు దాన్ని 'రేస్' అంటారు. వాడు మా ఇంటి ఉర్దూలోకి 'ఖౌమ్' అని మార్చుకున్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది. నలభై దాటిన నన్ను ఇంతవరకూ ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడగాల్సిన పని వాళ్లకు పడలేదు. అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే పేరు చెప్పగానే ఎదుటివాడే నా ఖౌమ్ ఎంచేశాడు. దాంతోపాటు నా గుణాలూ, నా తిండీ, నా దేశభక్తి పాళ్లూ ఎంచేశాడు. "మీరు తెలుగు భలే మాట్లాడతారే" అని మెచ్చుకున్నవాళ్లూ అంతే. మాకు అంటగట్టేదాన్ని ఈ కుర్రవాడు ఆటలో ఎంచుకుంటున్నాడు. ఈ ఆటల్లోని జాతుల సంగతి మనకెందుకని అనుకునే పాఠకులకు ఇదే నా మొదటి జవాబు.

రెండో జవాబు సాహిత్యానికి సంబంధించింది. ఈ ఆటల్లో ప్రతి జాతికీ ఒక పుట్టుకథ ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరితో పోరాడారు, ఏ దేవుణ్ణి నమ్ముకున్నారు, ఏ నేల పోగొట్టుకున్నారు అన్నీ రాసి ఉంటాయి. మన దగ్గర దీనికి కొత్త మాట కట్టక్కర్లేదు. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించినవాటిని కైఫీయత్తులన్నారు. అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాట అది, మాలాగే. ఇక కులపురాణాలు ఉండనే ఉన్నాయి. మాదిగల ముందు చిందువాళ్లూ డక్కలివాళ్లూ జాంబపురాణం విప్పినప్పుడు జరిగేది కాలక్షేపం కాదు. ఊరు అంటరానివాళ్లన్న జనం సృష్టికి మొదటివాళ్లమని చెప్పుకోవడం అది. జాతికి కథ ఎవరు రాస్తారు, ఎవరి కోసం రాస్తారు అన్నది ఈ నేల మీద ఎప్పుడూ తేలిక ప్రశ్న కాదు.

అందుకే ఈ ఆటల జాతులను విమర్శకుడి కళ్లతోనే చూడాలనుకున్నాను. ఆ జాతుల్లో సొంత ఊహ ఎంత, అరువు ఎంత?

అరువు సంగతి ముందు తేల్చుకుందాం. ఎల్ఫులు, మరుగుజ్జులు, ఓర్కులు అనే ఈ సరంజామాలో పెద్ద వాటా టోల్కీన్ 1954-55లో ప్రచురించిన నవల నుంచి దిగింది. ఆయన యూరపు పాత గాథలను తవ్వి తెచ్చుకున్నాడు. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే కూర్చుని ఆడే ఆట వచ్చింది. అందులో ఆయన 'హాబిట్'ను పేరుతో సహా పెట్టుకున్నారు. హక్కుదారులు అభ్యంతరం చెప్పాక 'హాఫ్లింగ్' అని మార్చారు. పేరు మారింది గానీ పొట్టి కాళ్లు మారలేదు. తర్వాత వచ్చిన కంప్యూటర్ ఆటలు చాలా వరకు ఆ బండి చక్రాల జాడలోనే నడిచాయి. కొత్త ఆట వచ్చిందంటే చెవి ఇంకో అంగుళం పొడుగు, చర్మం ఇంకో రంగు. అది కల్పన కాదు, అచ్చు మార్చి అదే ఇటుక కోయడం.

ఈ అరువులో మనకు తగిలే చోటు ఇంకొకటుంది. టోల్కీన్ కథలో చెడ్డ ప్రభువు తరఫున ఏనుగుల మీద వచ్చి పోరాడేవాళ్లు దక్షిణం నుంచీ తూర్పు నుంచీ వచ్చే నల్లటి మనుషులు. వాళ్లలో చచ్చిపడిన ఒకణ్ణి చూసి ఒక హాబిట్, వీడి పేరేమిటో, నిజంగా చెడ్డవాడేనా అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. టోల్కీన్ గొప్పతనం ఆ ఒక్క క్షణంలో ఉంది. ఆయన్ను అనుకరించినవాళ్లు ఏనుగులను తీసుకున్నారు, ఆ క్షణాన్ని వదిలేశారు.

ఇక జాతికి అంకెలు వేసే పద్ధతి. ఫలానా జాతిలో పుట్టావా, నీకు బలం రెండు ఎక్కువ, తెలివి రెండు తక్కువ. దశాబ్దాల పాటు ఇదే సూత్రం. ఆటగాళ్లు దీన్ని లెక్కల సౌకర్యంగా చూస్తారు. మన జిల్లాల్లో పుట్టినవాళ్లకు అది వేరే లెక్కను గుర్తు చెయ్యాలి. 1871లో తెల్లదొరలు నేరస్తుల తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాడి ఇంట పుడితే చాలు, దొంగతనంలో ఇన్ని మార్కులు పుట్టుకతోనే వేశారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. మార్కులు మాత్రం పోలీసు స్టేషన్లలో ఎంతో కాలం చెరగలేదు. ఆ అమెరికా ఆట వాళ్లు 2024లో తెచ్చిన కొత్త పుస్తకంలో 'రేస్' అన్న మాట తీసేసి 'స్పీషీస్' అని పెట్టారు. బలాబలాల అంకెలను కూడా పుట్టుక నుంచి విడదీశారు. మొదటి మార్పు కన్నా రెండో మార్పుకు నేను ఎక్కువ విలువిస్తాను. మాట మారిస్తే మర్యాద పెరుగుతుంది. అంకె తీసేస్తే అన్యాయం తగ్గుతుంది.

మా భాంజా ఆడుతున్నది 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'. 2004 నవంబరులో మొదలైన ఆట. 20వ మెట్టు దాకా డబ్బు కట్టకుండా ఆడుకోవచ్చు కాబట్టి వాడు 20 దాకా వెళ్లి మళ్లీ ఇంకో ఖౌమ్‌తో మొదలుపెడతాడు. ఈ ఆటలోనూ అరువు సరుకే ఎక్కువ. అయినా ఓర్కుల విషయంలో వీళ్లు చేసిన పని ఒకటి గుర్తించాలి. 1994 నాటి మొదటి ఆటలో ఓర్కులు మరో లోకం నుంచి ద్వారం గుండా ఊడిపడిన రాక్షస మూక. 2002లో వచ్చిన మూడో ఆట నాటికి ఆ కథ లోపలి వైపు తిరిగింది. వాళ్లకూ ఒక నేల ఉండేదనీ, పెద్దల ఆత్మలను కొలిచే మతం ఉండేదనీ, దయ్యాల రక్తం తాగించి వాళ్లను యుద్ధానికి తోలారనీ చెప్పింది. ఓడిపోయాక మనుషులు వాళ్లను కంచెల శిబిరాల్లో పెట్టారని కూడా చెప్పింది. బానిసగా పెరిగిన థ్రాల్ అనే ఓర్క్ ఆ శిబిరాలు పగలగొట్టి తన జనాన్ని సముద్రం దాటించి, ఎర్రమట్టి కరువు నేలలో ఊరు కట్టిస్తాడు. ఆ నేల తెర మీద చూస్తే నాకు అనంతపురం దారి గుర్తొచ్చింది.

డ్రెనై అనే జాతి కథ ఇంకా విచిత్రం. 2003 ఆటలో వాళ్లు గూనితో, గిట్టలతో కనిపించే శిథిల జీవులు. 2007లో వాళ్లను ఆటగాళ్లు ఎంచుకోదగ్గ జాతిగా మార్చాల్సి వచ్చింది. దానికోసం పాత పురాణాన్నే తిరగరాశారు. అంతకుముందు ఎరెడార్ అనే దుష్టజాతి ఒక మహాదేవుణ్ణి చెడగొట్టిందని రాసి ఉంది. ఇప్పుడు ఆ దేవుడే ముందు చెడి, ఎరెడార్లను చెడగొట్టాడని మార్చారు. చెడడానికి ఒప్పుకోక పారిపోయి, వేల ఏళ్లు తిరిగి, ఓర్కుల చేతిలో ఊచకోతకు గురై మిగిలినవాళ్లే డ్రెనైలన్నారు. ఆ పేరుకు వాళ్ల భాషలో అర్థం వెలివేయబడినవాళ్లు. పాతదానికీ కొత్తదానికీ పొంతన లేదని ఆటగాళ్లు గోల చేస్తే, ఆ కథలకు పెద్ద దిక్కయిన క్రిస్ మెట్జెన్ అది తన పొరపాటేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు.

పొరపాటే కావచ్చు. నాకు మాత్రం అందులో ఒక సత్యం కనిపించింది. చంపడానికి మాత్రమే పనికొచ్చే జాతికి కథ అక్కర్లేదు, కోరలుంటే చాలు. ఆ జాతి వేషం నువ్వే వేసుకుని ఆడాలంటే దానికి తల్లి కావాలి, ఊరు కావాలి, అవమానం గుర్తుండాలి. లోపలి నుంచి చూడాల్సి వచ్చిన రోజున బయటి నుంచి రాసిన పురాణం చెల్లదు. నువ్వు ఓర్కునే ఎందుకు తీసుకున్నావని మా భాంజాను అడిగాను. "వేరే ఆటల్లో వీళ్లను చంపి చంపి విసుగొచ్చింది మామూ" అన్నాడు. ఏ విమర్శ సూత్రమూ ఇంత సూటిగా చెప్పదు.

అన్ని ఆటలూ ఈ మాత్రం కూడా చెయ్యవు. 'ఎల్డర్ స్క్రోల్స్' ఆటల్లో ఖజీత్ అనే పిల్లి జాతి ఉంది. ఎండ కాచే ఇసుక నేల వాళ్లది. ఆకాశంలో రెండు చందమామలు. బిడ్డ పుట్టిన వేళ ఆ రెండూ ఏ కళలో ఉంటే బిడ్డకు ఆ రూపం వస్తుంది. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు మామూలు పిల్లిలా, ఒకరు నిలబడి నడిచే మనిషిలా, ఒకరు ఏనుగంత పులిలా ఉండొచ్చు. నెలవంక చూసి పండుగ చేసుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఇది చదివి నిజంగా ముచ్చటపడ్డాను. ఇది సొంత ఊహ. వీళ్లలో వీళ్లకే తేడాలున్నాయి కాబట్టి వీళ్లు జనం, మూక కాదు. అదే చేత్తో ఆ జాతికి దొంగతనం, తాళాలు తెరవడం, మత్తు చక్కెర వ్యాపారం అంటించారు. 2011 నాటి 'స్కైరిమ్'లో ఖజీత్ బేహారులను పట్నాల గోడల లోపలికి రానివ్వరు. గోడ బయట డేరా వేసుకుని అమ్ముకోవాలి. ఆట ఆ అన్యాయాన్ని చూపిస్తుంది, సరే. అదే ఆట వాళ్లకు పుట్టుకతో దొంగ మార్కులూ వేసి, గోడలోపలివాళ్ల అనుమానం నిజమేనని చెప్పకనే చెబుతుంది. ఒక చేత్తో సానుభూతి, ఇంకో చేత్తో సాక్ష్యం. తెలుగు కథల్లో 'మంచి సాయిబు'ను చూసి చూసి అలవాటైన మాకు ఈ రెండు చేతుల విద్య కొత్త కాదు.

జిన్నుల సంగతి చూడండి. మా నమ్మకంలో జిన్ను సీసాలో బానిస కాదు. పొగలేని అగ్గితో పుట్టిన జనం వాళ్లు. మనిషికున్నట్టే వాళ్లకూ మంచి చెడ్డలు ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, లెక్క చెప్పుకోవాల్సిన రోజూ ఉంది. ఖుర్‌ఆన్‌లో వాళ్ల పేరుతో ఒక సూరానే ఉంది. వాళ్లలో విశ్వసించినవాళ్లూ ఉన్నారు, విశ్వసించనివాళ్లూ ఉన్నారు. దక్కనీలో గవ్వాసీ 17వ శతాబ్దంలో గోల్కొండలో చెప్పిన సైఫుల్ ములూక్ కథలో రాజకుమారుడు పరీల షహజాదీని ప్రేమిస్తాడు. ఆ పరీకీ ఇల్లూ, పెద్దలూ, పరువూ ఉంటాయి. అంటే మన పాత కిస్సాలవాళ్లు మనిషి కాని జాతిని కూడా బంధుత్వం కలుపుకోదగ్గ జాతిగానే ఊహించారు. పడమటి ఆటల్లోకి వచ్చేసరికి అదే జిన్ను దీపంలో నౌకరు, లేదంటే చివర్లో చంపాల్సిన గండం. నైతిక బాధ్యత ఉన్న జాతి దగ్గర నుంచి బాధ్యతను తీసేసి పొగనూ తలపాగానూ ఉంచుకున్నారు. అరువు తీసుకున్నందుకు నాకు కోపం లేదు. కిస్సాలన్నీ అరువు మీదే బతికాయి. తీసుకున్నదాంట్లో ప్రాణాన్ని వదిలేసి బట్టలు తెచ్చుకున్నందుకే నా ఫిర్యాదు.

పేరు మాత్రమే తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2012 నాటి 'గిల్డ్ వార్స్ 2'లో అసురా అనే జాతి ఉంది. పెద్ద చెవుల పొట్టివాళ్లు. భూమి లోపల ఉండేవాళ్లు శత్రువులు తరిమితే పైకొచ్చారు. యంత్రాలు కట్టడంలో దిట్టలు, తమ తెలివి మీద విపరీతమైన గర్వం. మన అసురులకూ వీళ్లకూ ఏ పోలికా లేదని కొట్టిపారేయబోయాను. అప్పుడు మయుడు గుర్తొచ్చాడు. పాండవులకు సభ కట్టిపెట్టినవాడు అసురుడే. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసులు తరతరాలుగా ఇనుము కరిగించిన జనం. పురాణంలో ఓడిపోయిన పక్షానికి పనితనం ఉండేదని మనమే మరిచిపోయాం. ఎక్కడో ఒక ఆటలో, బహుశా అనుకోకుండా, అసురులు మళ్లీ పనిమంతులుగా తేలారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2015లో 'బాహుబలి' వచ్చింది. తెలుగువాళ్లు ఈ కాలంలో కల్పించుకున్న అతి పెద్ద ఊహాలోకం అది. అందులో కాలకేయులు అనే జాతి ఉంది. పేరు భారతంలోది. ఒంటికి నల్లరంగు, జడలు కట్టిన జుట్టు, అర్థం కాని భాష. ఆ కిలికి భాషను తమిళ రచయిత మదన్ కార్కి సుమారు 750 మాటలతో, వ్యాకరణంతో కట్టాడు. దాని తొలిరూపం ఆయన ఎప్పుడో పిల్లలను ఆడించడానికి అల్లిన భాష అట. పిల్లల ఆటగా పుట్టిన భాష మన తెర మీదికొచ్చి అనాగరికుల అరుపయింది. ఇంత కష్టపడి కట్టిన భాషలో మనం విన్నది యుద్ధభాషే. ఆ భాషలో ఒక అమ్మ బిడ్డను పిలవడం మనం వినం. వాళ్లు ఏం పండిస్తారో, ఏ కరువు వాళ్లను మాహిష్మతి మీదికి తోలిందో ఎవరూ అడగరు. 2017లో ఈ లోకం మీద ఫోనులో ఆడే ఆట వచ్చింది. అందులో మనం మాహిష్మతి పక్షాన కోట కట్టి, సైన్యం కూర్చి, కాలకేయులను ఎదుర్కొంటాం. కాలకేయుడై ఆడదామంటే చోటు లేదు. అమెరికావాడు తన ఓర్కుకు ఇచ్చిన పుట్టుకథను మనం మన కాలకేయుడికి ఇవ్వలేకపోయాం.

అదే సినిమాలో అస్లంఖాన్ ఉన్నాడు. ఆయుధాలు అమ్ముకోవడానికి పరదేశం నుంచి వచ్చిన బేహారి. కత్తి పోటీలో కట్టప్ప చేతిలో ఓడిపోతాడు, అక్కడికక్కడే స్నేహితుడైపోతాడు, అవసరమైతే పిలవమని చెప్పి వెళ్లిపోతాడు. మర్యాదైన పాత్రే, నేను కాదనను. కానీ లెక్క చూడండి. ఆ మహాలోకంలో మా పేరు గలవాడు పరదేశి, ఆయుధాల వ్యాపారి, ఓడిపోయి మంచివాడయ్యేవాడు. మాహిష్మతిలో మగ్గం నేసే సాయిబు లేడు. దూది ఏకేవాడు లేడు. పట్టుగూళ్లు అమ్ముకునే మా బావ లేడు.

భాష మాట వచ్చింది కాబట్టి మళ్లీ మా భాంజా ఆట దగ్గరికి వెళ్తాను. అందులో జాతులు రెండు పక్షాలు. ఒక పక్షంవాడు రాసిన మాట ఎదుటి పక్షంవాడికి చేరేసరికి ముక్కలై అర్థం లేని అక్షరాలుగా కనిపిస్తుంది. ఓర్క్ నవ్వుతూ 'లోల్' అని రాస్తే మనిషికి 'కెక్' అని కనిపిస్తుంది. నవ్వు కూడా అవతలికి చేరదు. 2022లో గానీ రెండు పక్షాలవాళ్లూ ఒక బృందంగా కలిసి ఆడే వీలు కల్పించలేదు. ఇది వినగానే నాకు మా వీధి గుర్తొచ్చింది. మూడు రాష్ట్రాల అంచు ఇది. కుప్పం దాకా వెళ్లొచ్చే లోపల ఒక మనిషి తెలుగు, కన్నడం, తమిళం, దక్కనీ నాలుగూ మాట్లాడి ఇంటికొస్తాడు. ఇక్కడ నవ్వు 'కెక్' కాలేదు. మా అమ్మీ పక్కింటి రెడ్డెమ్మతో తెలుగులో పోట్లాడి ఉర్దూలో నవ్వేది, ఆమెకు అర్థమయ్యేది. గోడ తర్వాత కట్టారు. పత్రికల్లో, ఉపన్యాసాల్లో, సినిమాల్లో కట్టారు. మరో పక్క లక్నో ఉర్దూవాళ్లకు మా 'నక్కో', 'హౌ' వింటే నవ్వు. ఒకరికి మా భాష పరాయిది, ఇంకొకరికి మా భాష భాషే కాదు. ఈ రెండు గోడల మధ్య నుంచే 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. తెలుగు సాహిత్యంలో అంతవరకూ కథ పక్కన నిలబడిన జాతి, తానే ఆట ఆడడం మొదలుపెట్టింది అప్పుడే. దాంతో కొందరికి పురాణం తిరగరాయాల్సి వచ్చింది. అందుకే అంత కోపం.

ఇంతసేపూ పరాయివాళ్లను అడిగాను. ఇప్పుడు మనల్ని మనం అడుక్కోకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. మనం మన పిల్లలకు చెప్పే కైఫీయత్ ఏమిటి? సయ్యదులు అరబ్బు నుంచి, పఠాన్లు ఆఫ్ఘన్ కొండల నుంచి, మొగలులు తురుష్క దేశం నుంచి. ఎంత దూరం నుంచి వస్తే అంత ఘనత. ఎడారి, గుర్రం, కత్తి. ఆటల కంపెనీ మాకు ఏ బొమ్మ వేసిందో మా పెద్దలూ గోడకు అదే బొమ్మ వేలాడదీశారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాను ఒకసారి చదవండి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలివాళ్లు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజ్జాములు, లబ్బీలు, ఖురేషీలు, సిద్దీలు, తురకకాశలు. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బీసీ జాబితాలో ఉన్నారు. ఏ ఆటలోనైనా ఇంతకన్నా గొప్ప జాతుల వరస ఉందా? ఎలుగుబంటిని ఆడించి బతికిన జనం, అత్తరు బుడ్డి సంచిలో పెట్టుకుని ఊళ్లు తిరిగిన జనం, రాళ్లు కొట్టిన జనం. ప్రతి పేరు వెనుకా ఒక పని, ఒక దారి, ఒక ఆకలి ఉంది. ప్రభుత్వ గుమాస్తా రాసిన ఈ జాబితాలో మా కైఫీయత్తుల తలకట్లు ఉన్నాయి. కథలు లేవు. అవి మనం రాయలేదు. రాయకపోవడానికి కారణం కూడా చెప్పాలి. వాటిని చెప్పుకోవడానికి మనలోనే సిగ్గుపడ్డాం, పెళ్లి సంబంధాల దగ్గర దాచిపెట్టాం.

కాబట్టి సొంత కల్పన అంటే నా కొలత ఇది. ఆ జాతి చేతికి ఒక పని ఉండాలి. నోటికి యుద్ధభాషే కాక జోలపాట కూడా ఉండాలి. వాళ్లలో వాళ్లకు తగాదాలుండాలి. అన్నిటికన్నా ముందు, దాన్ని లోపలి నుంచి ఆడే వీలుండాలి. ఈ కొలతకు ఓర్క్ సగం నిలిచింది, ఖజీత్ సగం నిలిచింది, కాలకేయుడు నిలవలేదు. మనం గోడకు వేలాడదీసుకున్న అరబ్బు గుర్రం కూడా నిలవలేదు.

దీపాలు పెట్టే వేళకు మా భాంజా మళ్లీ అడిగాడు, మామూ, ఏ ఖౌమ్ తీసుకుంటావో చెప్పనే లేదని. నాకు కావాల్సినది ఆ తెర మీద లేదని చెప్పాను. మీ దాదా దూదేకే విల్లు పట్టుకుని ఎన్ని ఊళ్లు తిరిగాడో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. వాడి తండ్రి కాళ్లు తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బావ ఆ సంగతి కొడుకుతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం మొదలుపెట్టాడు. వాడు లాప్‌టాప్ మూసేసి, దాని మీద కాగితం పెట్టుకుని ఊళ్ల పేర్లు రాసుకోసాగాడు.